మూత్రపిండాల శాఖపై ఆడిట్ అభ్యంతరాలు

బరంపురం, పర్లాకిమిడి వైపు సంతల్లో ‘కిడ్నీలు కడిగే పొడి’కి గిరాకీ బాగానే ఉంది. కడగాల్సి వచ్చిందంటే ఆ శాఖ సరిగా పనిచేయట్లేదనేగా అర్థం! మన తరవాణీ, మన అప్పడాల ఉప్పూ తిని బతికే శాఖ కాబట్టి పద్దులు తనిఖీ చేసే హక్కు మనకుంది.

ముందుగా దుబారా. గుండె తోడే రక్తంలో అయిదో వంతు, అంటే నిమిషానికి లీటరుకు పైగా, ఈ రెండు పిడికెళ్లకే పోతోంది. ఒంట్లో ప్లాస్మా, అంటే కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవం, ఉన్నదే 3 లీటర్లు. వీళ్లు మాత్రం రోజుకు 180 లీటర్లు వడపోస్తారు. ఉన్న సరుకునే 60 సార్లు వాకిట్లో పారబోసి, 178 లీటర్ల పైచిలుకు మళ్లీ ఏరి లోపల పెట్టుకుంటారు. తీరా బయటికి పంపేది లీటరున్నర. ఏ గుమాస్తా అయినా ఇంత నిర్వాకం చేస్తే సస్పెండు చేసి ఉండేవాళ్లం. సంజాయిషీ అడిగితే, “పనికిరానివాటి జాబితా మా దగ్గర లేదండీ. రేపు మీరు ఏ కొత్త మందు మింగుతారో మాకేం తెలుసు? అందుకే రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ ఆపి, మిగతావన్నీ బయటపెట్టి, మాకు తెలిసిన ఉప్పు, చక్కెర, నీళ్లలాంటివి వెనక్కి తెచ్చుకుంటాం” అన్నారు. జవాబు బాగుందని ఒప్పుకుంటే ఆడిటరుకు నామోషీ. కాబట్టి అభ్యంతరం అలాగే ఉంచాం.

చక్కెర పద్దూ అంతే. రక్తంలో డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా ఒక్క పలుకు బయటికి పోనివ్వరు, దాటితే మోసే ప్రోటీన్లు చాలక చేతులెత్తేస్తారు. ఇప్పుడు డాక్టర్లే డాపాగ్లిఫ్లోజిన్‌లాంటి మాత్రలిచ్చి ఆ మోత ఆపిస్తున్నారు, దానివల్ల కిడ్నీలకే మేలు జరుగుతోంది. సమ్మె చేయిస్తే బాగుపడిన శాఖ ఇదొక్కటే కాబోలు.

పొడి తాగినవాళ్లు ధారగా పోతోందని మురిసిపోతారు. పోయేది నీళ్లు. యూరియా, క్రియాటినిన్ అనే వ్యర్థాలు ఒంట్లో రోజూ ఎంత తయారైతే అంతే పోతాయి, లీటరులో పోయినా మూడు లీటర్లలో పోయినా.

అసలు అవకతవకలు మందుల కొట్టు దగ్గర బయటపడ్డాయి. ఎండలో పొలం పని చేసి, నీళ్లు చాలక, నడుం పట్టుకుని వచ్చి “బాబూ, ఒక నొప్పి బిళ్ల ఇవ్వు” అంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్న నాళాల గుత్తికి రక్తం తెచ్చే సన్న ధమనిని ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తెరిచి పట్టుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వాటి తయారీనే ఆపేస్తాయి, దాంతో ధమని బిగుసుకుంటుంది. బీపీకి రామిప్రిల్‌లాంటిది వాడుతుంటే రక్తం బయటికెళ్లే ధమని వదులై గుత్తిలో ఒత్తిడి ఇంకా పడిపోతుంది. ఆపైన నీళ్లు పోగొట్టే మాత్రో, మన సంత పొడో తోడైతే వడపోత ఒక్కసారిగా కూలబడుతుంది.

ఇంతకన్నా ఘోరం, నష్టాలు దాచిపెట్టడం. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే గుత్తీ గొట్టమూ కలిసిన చిన్న వడపోత యూనిట్లు, ఉంటాయి. కొన్ని చస్తే మిగిలినవి ఆ పనీ నెత్తినేసుకుంటాయి. అందువల్ల వడపోత సగానికి పడేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ ‘నార్మల్’ అనే రావచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ముందే తెలుస్తుంది. అయితే ఇచ్ఛాపురం దాటితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఎంతోమంది కిడ్నీలను పాడుచేస్తున్న అక్కడి జబ్బు మీద ఎగతాళి లేదు. అది ఎక్కువగా నెఫ్రాన్లలోని గొట్టాలను పాడుచేస్తుంది, ఆల్బుమిన్ పెద్దగా కనిపించదు. ఆ వైపు మనుషులు క్రియాటినిన్‌తో లెక్కకట్టే వడపోత రేటు రాయించుకుని, నిరుటి కాగితంతో పోల్చి చూసుకోవాల్సిందే. కాగితాలు దాచుకునే అలవాటు మనకు భూముల విషయంలోనే ఉంది.

ఇన్ని లోపాలున్నందున శాఖను రద్దు చేసి, పని పొడికి అప్పగించాలని సిఫారసు చేశాం. తీరా చూస్తే అదనపు బాధ్యతలు బోలెడు. ఎర్ర రక్తకణాలు పుట్టించే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్, విటమిన్ డీని పనిలోకి దించడం, బీపీ నిలబెట్టే రెనిన్. టెండరు పిలిస్తే పొడివాళ్లు ఒక్కరూ రాలేదు. డయాలసిస్ యంత్రం వచ్చింది. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు మాత్రమే పనిచేస్తుందట, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను విడిగా కొనుక్కోవాలట.