మార్జిన్ కలపలేదు

మా వదిన దగ్గర ఒక ఖాకీ కాగితం ఉంది. జాకెట్టు కటింగ్ అది. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, కింద పట్టీ, మొత్తం నాలుగు ముక్కలు. గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి, కోసి కుడితే జాకెట్టు ఒంటికి అతికినట్టు వస్తుంది. మా ఇద్దరి కొలతలూ ఒకటే కాబట్టి అడిగాను. ఇస్తూ ఇస్తూ చెప్పింది: "దీని మీంచి వేరే కాగితం మీదికి గీసుకో. దీన్ని మాత్రం కొయ్యకు. ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి చూసుకో."

"అలాగే వదినా" అన్నాను. అనడానికేం పోయింది!

ఆ జాకెట్టు మరీ బుద్ధిమంతురాలు. గుండ్రటి మెడ, మోచేతి పైదాకా చేతులు. నాకేమో వెడల్పు మెడ కావాలి, బుట్ట చేతులు కావాలి, పక్కన ఒంపు కోసం కుట్టే మడత, అదే టక్కు, భుజం మీదికి రావాలి. వీడియోలో ఒకావిడ ఇవన్నీ మాట్లాడుతూ మాట్లాడుతూనే చేసేసింది. తీరా మొదలుపెడదామంటే ఇంట్లో పెద్ద కాగితం లేదు. గోడకు క్యాలెండరు ఉంది గానీ సంవత్సరం ఇంకా అయిపోలేదు. వదిన కాగితం మీదే కత్తెర పెట్టాను.

ముందు మెడ. రెండంగుళాలు పెంచుదామనుకున్నాను. కాగితంలో ఉండేది సగం జాకెట్టే. గుడ్డ మడత పెట్టి, ఆ మడతకు ఆనించి కోస్తాం కాబట్టి ఇక్కడ ఒక అంగుళం జరిపితే విప్పాక రెండవుతుంది. ఈ లెక్క నాకు తెలియక కాదు, కోశాక గుర్తొచ్చింది. మడత విప్పేసరికి నాలుగంగుళాలు పెరిగి ఉంది. వెనక మెడా అంతే, ఎందుకంటే రెండూ ఒకేసారి కోశాను, టైం కలిసొస్తుందని. భుజం మీద మిగిలింది వేలెడు గుడ్డ. అందులో టక్కు ఎక్కడ పెట్టాలా అని కాసేపు చూసి, ఉన్న చోటే ఉండనిచ్చాను.

ఇక బుట్ట చేతులు. చెయ్యి కాగితాన్ని పై నుంచి కిందికి నిలువు చీలికలుగా కొయ్యాలి. అయితే అడుగు అంచు దగ్గర పూర్తిగా తెగకూడదు, పిసరంత అంటుకునే ఉండాలి. అప్పుడు పైభాగాన్ని విసనకర్రలా విప్పితే వచ్చే ఎక్కువ గుడ్డ భుజం దగ్గర కుచ్చులవుతుంది. కత్తెర మంచి ఊపులో ఉండడం వల్ల నావి పూర్తిగా తెగాయి. ఏడు ముక్కలు. నంబర్లు వేసుకోమని వీడియోలో ఆవిడ చెప్పింది. ఏడే కదా, గుర్తుండవా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చి, "ఇంత ఉక్కలో ఎలా కూర్చున్నావు?" అని ఫ్యాను వేశారు.

రెండు మంచం కింద దొరికాయి, ఒకటి కుట్టు మిషను వెనక. అన్నీ ఏరుకొచ్చి టేపుతో అతికించాను. కాకపోతే విప్పాల్సింది పైన, నేను విప్పింది కింద. చేతి పైభాగం ఒకే కొండలా ఉండాలి, నాది కొండల వరుసలా వచ్చింది. కుట్టి చూస్తే భుజం దగ్గర కుచ్చులు లేవు, కింద మాత్రం వెడల్పుగా విచ్చుకుంది. ఒక చెయ్యి ఎత్తి పట్టుకుని మా ఆయన, "ఇది వేసుకోవడానికా, వాయించడానికా?" అన్నారు. నిజమే, అచ్చం సన్నాయిలా ఉంది. గుడ్డ రెండు పొరలుగా వేసుకోకుండా విడివిడిగా కోసినందుకు రెండూ కుడి చేతులే వచ్చాయన్న సంగతి ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

మెడ ఇంత, చేతులు ఇంత, ఇంక ఊపిరి ఆడకపోవడం అనే సమస్యే ఉండదనుకుని తొడిగాను. భుజాల మీంచి జారుతోంది, పక్కల్లో పట్టేస్తోంది! హుక్కులు పెట్టుకోవాలంటే ఊపిరి వదలాలి, పెట్టుకున్నాక పీల్చకూడదు. వెనక డోరీ కుట్టి భుజాలను లాగి కట్టాను. జారడం ఆగింది, చేతులు పైకెత్తడం కూడా ఆగింది. పక్కల్లో ఎందుకు బిగిసిందో మాత్రం అర్థం కాలేదు. రాత్రి చెత్త ఊడుస్తుంటే మెడ కోసినప్పుడు పడిన ముక్క ఒకటి దొరికింది. దాని మీద వదిన దస్తూరీ: "మార్జిన్ కలపలేదు. కుట్లకి పక్కల్లో అంగుళం వదలాలి."

ఆ చీటీని కూడా మిగతా ముక్కలతో పాటు కవర్లో పెట్టి తీసుకెళ్లాను. నాలుగు ముక్కలు ఇచ్చిన మనిషికి పదకొండు తిరిగిస్తున్నాను, నష్టమేముంది అని దారంతా ధైర్యం చెప్పుకున్నాను. వదిన కవరు బోర్లించింది. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ముక్కలు అటూ ఇటూ జరిపింది.

"ఇందులో మెడ ఏది?"

"మెడ అంటే... అది ఇప్పుడు లేని భాగం వదినా."

వదిన లేచి లోపలికెళ్లింది. తిడుతుందనుకున్నాను. డబ్బా మూత లాంటి రేకు ఒకటి పట్టుకొచ్చింది. "ఈసారి నీకు దీని మీద గీసిస్తాను. కోసుకో, ఎలా కోసుకుంటావో చూస్తా" అంది.

రేకు కోసే కత్తెర మా ఇంట్లో ఉందని నేను చెప్పలేదు.