బొమ్మలు వేయడం వచ్చినా ఫర్వాలేదు

కాలేజీలో చిత్రకళ బోధించి బతకాలనుకునే యువతీయువకులు ముందుగా ఒక భయం వదులుకోవాలి. బొమ్మలు వేయడం వచ్చినంత మాత్రాన ఈ ఉద్యోగానికి పనికిరాకుండా పోరు. తగినంత కాగితం, కాస్త ఓర్పు ఉంటే ఆ లోపాన్ని సెలెక్షన్ కమిటీ కంటపడకుండా దాచుకోవచ్చు.

మొదట పట్టా కావాలి. ఫైన్ ఆర్ట్స్‌లో మాస్టర్స్ లేనివాడి అర్జీ తెరవకుండానే పక్కన పెడతారు. పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ కళాశాల ప్రవేశ పరీక్షలో శిల్పి రోడిన్ మూడుసార్లు తప్పాడు. చిత్రకారుడు వాన్ గో 1886లో ఆంట్‌వెర్ప్ అకాడమీలో కొన్నాళ్లు చదివితే, ఇతన్ని మొదలు నేర్చుకునేవాళ్ల తరగతిలో కూర్చోబెట్టండని అక్కడి పెద్దలు తీర్మానించారు. ఇవాళ ఏ కాలేజీ అయినా వీళ్లిద్దరి గురించి సెమిస్టర్ పొడవునా పాఠం చెబుతుంది. వీళ్లే వచ్చి చెబుతామంటే మాత్రం నిబంధనలు ఒప్పుకోవు.

పట్టా వచ్చాక అర్జీ. దానికి మీ బొమ్మల ఫొటోలు జతచేయాలి, అది చిన్న పని. అసలు పని ‘బోధనా తాత్వికత’ అనే వ్యాసం. ఇంకా ఒక్క క్లాసూ చెప్పని మనిషి తన బోధన వెనకున్న తత్వాన్ని రెండు పేజీల్లో వివరించాలి. దాంతోపాటు మీ విద్యార్థులు వేసిన బొమ్మల నమూనాలూ పంపాలి. ఉద్యోగం లేనిదే విద్యార్థులు రారు, విద్యార్థులు లేనిదే ఉద్యోగం రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

ఈ చిక్కును విప్పడానికే గెస్ట్ లెక్చరర్ అనే పదవి పుట్టింది. పేరులోనే గౌరవం ఉంది కాబట్టి జీతంలో వేరేగా చూపించరు. క్లాసులో నిలబడ్డ గంటలకే డబ్బు. స్టిల్ లైఫ్‌కి కూజాలూ గుడ్డలూ అమర్చిన గంట, ఈజిళ్లు బిగించిన గంట, సింకులో గడ్డకట్టిన ప్లాస్టర్ పెళ్లగించిన గంట కళాసేవ కింద జమ అవుతాయి. సెలవుల్లో అతిథికి భోజనం పెట్టే ఆచారం లేదు. ఒకే వారంలో రెండు మూడు కాలేజీలు తిరిగే ఈ దశలో బొమ్మలెప్పుడు వేస్తావని ఎవరైనా అడిగితే, ‘ప్రస్తుతం నా ప్రాక్టీస్ రీసెర్చ్ దశలో ఉంది’ అనాలి. అబద్ధమేమీ కాదు, వచ్చే టర్ముకి ఉద్యోగం ఎక్కడుందో వెతకడం రీసెర్చే.

ఇక క్రిటిక్, అంటే విద్యార్థి బొమ్మను క్లాసంతా చూస్తుండగా గురువు విమర్శించడం. మన వృత్తిలో దీనికి మించిన విద్య లేదు కనుక కాస్త నిదానిద్దాం. గోడకు బొమ్మ తగిలిస్తారు, విద్యార్థులు అర్ధచంద్రాకారంలో నిలబడి తమ బూట్లు చూసుకుంటారు. ఆ మౌనాన్ని మీరు ఎంతసేపు భరించగలిగితే అంత లోతైన గురువని పేరు. చివరికి, ‘ఈ మూలలో పసుపు ఎందుకొచ్చింది?’ అనాలి. ‘అదొక్క రంగే మిగిలింది సార్’ అంటాడు పిల్లవాడు. ‘అంటే కొరతనే నీ పదార్థంగా మలుచుకున్నావు’ అనండి. వెనక వరుసలో ఇద్దరు ఆ మాట రాసుకుంటారు. వచ్చే వారం క్లాసులో సగం బొమ్మల మూలల్లో పసుపు ఉంటుంది.

ఆ తర్వాత మార్కులు. పట్టిక మీరే తయారు చేయాలి: నైపుణ్యం ఇన్ని, సృజన ఇన్ని, సాహసానికి పది. సాహసానికి ఏడు వేస్తే ఏడే ఎందుకని విద్యార్థి అడుగుతాడు, అడిగే హక్కు అతనికుంది. తక్కిన మూడు మార్కుల సాహసం ఎలా ఉండాలో మీరు రాతపూర్వకంగా తెలియజేయాలి. అతను ఆ ప్రకారమే సాహసించి, తిరిగి సమర్పిస్తాడు.

కోర్సు లక్ష్యాల దగ్గర నేనొక మాట నిజంగానే చెప్పాలి. డ్రాయింగ్ క్లాసులో జరిగే ముఖ్యమైన సంగతి, పిల్లలు చూడటం నేర్చుకోవడం. ఒక పిల్లవాడు తన చేతిని తానే వారాల తరబడి గీసి, ఒకరోజు బొటనవేలు తాననుకున్న చోట లేదని కనిపెడతాడు. దానికోసమే ఈ ఉద్యోగం చేయొచ్చు. కానీ ఫారంలో ‘చూడటం’ అని రాయకూడదు, కొలవడానికి వీలుకాని క్రియ అని వెనక్కి పంపుతారు. ‘పరిశీలనాత్మక సామర్థ్యాన్ని ప్రదర్శించును’ అని రాయండి, ఆమోదం అవుతుంది. చిత్రకారుడు పాల్ క్లే 1921లో జర్మనీలోని కళాపాఠశాల బౌహౌస్‌లో చేరి, వేల పేజీల బోధనా నోట్సు రాశాడు. అంతవరకూ ఆదర్శప్రాయుడే. పక్కనే బొమ్మలూ వేలల్లో వేసి చెడ్డ ఉదాహరణగా మిగిలాడు.

భద్రతా నియమాలు చదివి సంతకం పెట్టండి. రంగుల్లో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటికవే వేడెక్కి మండుతాయి, మూతున్న ఇనుప డబ్బాలో వేయాలి. విభాగంలో ఎవరూ ప్రోత్సహించకుండా తనంతట తాను రగిలేది అదొక్కటే.

సహోద్యోగుల విషయానికొస్తే, విటెబ్‌స్క్ కథ తెలుసుకుని ఉండాలి. విటెబ్‌స్క్ ఇప్పటి బెలారస్‌లో ఉంది. చిత్రకారుడు మార్క్ షగాల్ తన సొంత ఊరైన అక్కడ ఆర్ట్ స్కూలు పెట్టాడు. కళాకారుడు లిసిట్స్కీని పిలిచి ఉద్యోగమిచ్చాడు, ఆయన 1919లో మరో చిత్రకారుడు మలేవిచ్‌ని తీసుకొచ్చాడు. కొద్ది నెలలకే విద్యార్థులు మలేవిచ్ వైపు మళ్లి, చొక్కా చేతులకు ఆయన గుర్తయిన నల్ల చతురస్రాలు కుట్టుకు తిరిగారు. 1920లో షగాల్ ఊరొదిలి వెళ్లాడు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న పెద్దలు మీకంటే బాగా వేసే అభ్యర్థిని చూసి ‘మన విభాగానికి సరిపోడు’ అంటే తప్పుపట్టకండి, వాళ్లకు చరిత్ర తెలుసు.

నియమాలు సడలించే ఉత్సాహమూ వద్దు. జర్మన్ కళాకారుడు యోసెఫ్ బోయిస్ డ్యూసెల్‌డార్ఫ్ అకాడమీ తిరస్కరించిన అభ్యర్థులకు తన క్లాసులో చోటిచ్చి, 1972లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తొలగింపు చెల్లదని 1978లో కోర్టు తేల్చింది, అయితే ఆరేళ్లు పట్టింది. ఈ రంగంలో నాకు నచ్చిన జాగ్రత్తపరుడు అమెరికన్ కళాకారుడు జాన్ బాల్డెసారి. ఆయన 1970లో తన పాత పెయింటింగులను శ్మశానానికి పట్టుకెళ్లి కాల్పించేశాడు. మరుసటి ఏడు ఒక కెనడా కాలేజీ ఆయన్ను పిలిచింది గానీ దారిఖర్చులకు డబ్బుల్లేవంది. ఆయన ఉత్తరంలో సూచనలు పంపాడు, విద్యార్థులు ‘ఇకపై విసుగు పుట్టించే కళ చేయను’ అని గోడల నిండా దస్తూరి రాశారు. బొమ్మల్లేవు, ప్రయాణం లేదు, పని మాత్రం చరిత్రకెక్కింది. ప్రతి ప్రిన్సిపాలూ కలలుగనే అధ్యాపకుడు.

ఇవన్నీ దాటితే పర్మినెంట్ అవుతారు, ఆ వెంటనే విభాగాధిపతిని చేస్తారు. స్టూడియో తాళాలు మీ దగ్గరే ఉంటాయి, తలుపు తీసుకుని లోపలికెళ్లేది వేరేవాళ్లు. కొన్నేళ్లు ఆగితే బొమ్మలు వేసుకోవడానికే ప్రత్యేకంగా జీతంతో సెలవు దొరుకుతుంది. అర్జీ ఏడాది ముందే పెట్టాలి. ఏమేం వేస్తారో, ఏ నెలలో వేస్తారో, వాటివల్ల సంస్థకు ఒనగూరే ప్రయోజనమేమిటో పట్టికలో నింపాలి. గతంలో ఇదే సెలవు తీసుకుని వేసిన బొమ్మలేవి అనే గడి ఒకటి అడుగున ఉంటుంది. ‘వర్తించదు’ అని రాసి సంతకం పెట్టండి, దాన్ని ఎవరూ చదవరు.