ఫైలు కదిలిందట, నోరు తీపి చేసుకోండి

మా మూడో అంతస్తు విశ్రాంత ఇంజినీరు గారికి వారం రోజులుగా కాళ్లు నేల మీద ఆనడం లేదు. అమెరికాలోని వాళ్లబ్బాయి షేర్లు కొన్న కంపెనీ భూగర్భంలోని వేడి ఉప్పునీటి నుంచి బ్యాటరీల్లో వాడే లిథియం తీస్తుందట. తీసిందా అని అడగకండి, మర్యాద కాదు. అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు సమగ్రంగా ఉందని అధికారులు తేల్చారు. అంటే పేజీలన్నీ ఉన్నాయి, సంతకాలూ ఉన్నాయి. కంపెనీ దీన్ని మైలురాయి అంది. మాకు ఇంటికో కోవా బిళ్ల అందింది.

నాకు బుద్ధి వచ్చింది. మా వీధి మురుగుకాలువ మీద పలక వేయమని మూడేళ్ల కిందట నేనూ అర్జీ పెట్టాను. తపాలా గుమస్తా దాని మీద ఊదారంగు ముద్ర గుద్ది, నంబరు వేసి ఇచ్చాడు. అది మైలురాయి అని తెలియక సంచిలో పడేసుకున్నాను! ఇప్పుడు బీచ్ రోడ్డులో షామియానా వేయిస్తాను. గుమస్తాకు శాలువా కప్పి, కాలువ పలకల రంగంలో ఇదొక కీలక ముందడుగని ప్రకటిస్తాను. అర్జీ పక్క బల్ల మీదికి వెళ్తే రెండో సభ. 'ఇది మా సెక్షను కాదు' అని తిరిగొస్తే, పరిధిపై స్పష్టత సాధించినందుకు మూడో సభ. సభకు వస్తూ ఎవరైనా ఆ కాలువలోనే పడితే, అది నివేదిక పరిధిలోకి రాదు.

లిథియం తీసే పద్ధతి మంచిదే, కాదనను. నీళ్లు పైకి తోడి, ఆవిరితో కరెంటు తీసి, లిథియం పట్టుకుని, మిగిలింది మళ్లీ భూమిలోకి పంపుతారు. కాలిఫోర్నియాలోని సాల్టన్ సీ అనే సరస్సు అడుగున 37.5 కోట్లకు పైగా వాహన బ్యాటరీలకు చాలినంత ఉండొచ్చని 2023లో అమెరికా ఇంధన శాఖ లెక్క కట్టింది. అక్కడి ఒక ప్రాజెక్టు పేరు హెల్స్ కిచెన్, అనగా నరకపు వంటిల్లు. (మనవాళ్లయితే ముందు వాస్తు పండితుణ్ణి పిలిచేవారు.) 2024 జనవరిలో కౌంటీ, అంటే అక్కడి జిల్లా పాలన, దానికి అనుమతిచ్చింది. నీళ్ల సంగతేమిటి, గాలి సంగతేమిటి అని స్థానికులు కోర్టుకెక్కారు. ఎండుతున్న ఆ సరస్సు దుమ్ముకు వాళ్ల పిల్లలు ఇప్పటికే ఉబ్బసంతో దగ్గుతున్నారు మరి.

ఇంజినీరు గారు వాళ్లను 'అడ్డంకులు' అన్నారు.

విశాఖలో కూర్చుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే విషపు ఆవిరికి జనం పరుగెత్తుతూ రోడ్ల మీదే కుప్పకూలిపోలేదా? 12 మంది పోలేదా? చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్ రాసిచ్చింది. రాసిచ్చి, నడిపింది. పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకున్నారు. ఆ కాగితం కంపెనీ గోడకు తగిలించుకునే పటమా? గోడ అవతల నిద్రపోతున్నవాడి ఊపిరి కాదా?

నిన్న సాయంత్రం ఆయన మళ్లీ పొట్లంతో వచ్చారు. వాళ్లబ్బాయి కంపెనీ దరఖాస్తు మీద అభ్యంతరాలు చెప్పుకునే గడువు ముగిసిందట, ఒక్కటీ రాలేదట.

"ఆ నోటీసు అక్కడివాళ్లు ఎవరైనా చూశారా అండీ?" అన్నాను.

పొట్లం మడుచుకుని పక్క ఫ్లాటు తలుపు కొట్టారు.