ఆ లాంతర్లు పట్టుకుని గోపురమెక్కింది పాల్ రెవీర్ కాదు

అమెరికాలో, బోస్టన్‌లోని ఓల్డ్ నార్త్ చర్చి ఫొటోతో పాటు ఒక మాట తెగ తిరుగుతోంది: “విప్లవకారుల కోట ఇది. 1775లో పాల్ రెవీర్ ఈ గోపురమెక్కి దీపాలు వెలిగించాడు. ఆ గోపురం ఇదే.” మూడూ తప్పులే. (బ్రిటిష్ పాలన మీద అమెరికా తిరగబడిన రోజులవి; సైన్యం వస్తోందని ఆ రాత్రి గుర్రమెక్కి ఊళ్ళను హెచ్చరించిన విప్లవకారుడు రెవీర్.)

ముందు దీపాల సంగతి. ఏప్రిల్ 18 రాత్రి గోపురమెక్కింది రాబర్ట్ న్యూమన్. చర్చి తాళాలు, బాగోగులు చూసుకునే మామూలు ఉద్యోగి. తోడు నిలిచింది చర్చి పెద్దల్లో ఒకరైన జాన్ పుల్లింగ్. రెండు లాంతర్లు కనిపిస్తే బ్రిటిష్ సైన్యం పడవల్లో నది దాటుతోందని, ఒకటే కనిపిస్తే నేల దారిన వస్తోందని గుర్తు. ఈ ఏర్పాటు చేసింది రెవీరే. తాను దారిలో పట్టుబడినా కబురు ఆగకూడదని అవతలి ఒడ్డున చార్ల్స్‌టౌన్‌ వాళ్ళ కోసం పెట్టించాడు. ఊరినిండా సైనికులు, ఆ వెలుగు వాళ్ళ కంటబడితే మొదట దొరికేది న్యూమనే. 1860లో అమెరికా కవి లాంగ్‌ఫెలో రెవీర్ మీద రాసిన ప్రసిద్ధ కవితలో కూడా దీపాలు పెట్టేది రెవీర్ కాదు, పేరులేని ఒక మిత్రుడు. ప్రాణాలకు తెగించిన మనిషి పేరు అలా మరుగున పడటం నాకు బాధగా ఉంటుంది.

ఇక కోట మాట. ఈ చర్చి అప్పుడు ఇంగ్లండ్ రాజే అధిపతిగా ఉన్న ఆంగ్లికన్ శాఖది. (మన సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘంలో కలిసిన పాయల్లో ఒకటి ఆ సంప్రదాయమే.) అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది రాజు పక్షం. పాదిరి మాథర్ బైల్స్ జూనియర్ కూడా అంతే. ఆయన పదవి వదిలింది సరిగ్గా ఆ ఏప్రిల్ 18నే! గోపురం ఎత్తుగా ఉంది, తాళంచెవి న్యూమన్ చేతిలో ఉంది. విప్లవకారులకు కావలసింది అదే. అమెరికా ఆంగ్లికన్లకు ఎపిస్కోపల్ చర్చి అంటూ వేరుగా ఏర్పడింది యుద్ధం ముగిశాక, 1789లో.

గోపురం? 1723 నాటి ఇటుక కట్టడం నిజంగానే పాతది. బోస్టన్‌లో మిగిలిన చర్చి భవనాల్లో అన్నిటికన్నా పాతది. పైనున్న చెక్క శిఖరం మాత్రం 1804 గాలివానకు కూలింది. మళ్ళీ కట్టినదాన్ని 1954లో కరోల్ తుపాను పడగొట్టింది. ఇప్పుడు కనిపించేది 1955 నాటిది.

రెవీర్‌కు ఈ చర్చితో అసలు బంధం గంటలది. కుర్రతనంలో స్నేహితులతో కలిసి వాటిని మోగిస్తామని ఒప్పందం రాసుకున్నాడు. 1744లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో పోతపోసిన ఆ ఎనిమిది గంటలూ ఇప్పటికీ అక్కడే మోగుతున్నాయి.