శ్రీ పైపై తనిఖీ గారికి

మహారాజశ్రీ పైపై తనిఖీ గారి సముఖమునకు,

నమస్కారములతో రాయునది. పాత కాంక్రీటు వంతెనల బాగోగులు దశాబ్దాలుగా తమరి కనుసన్నలలోనే నడుస్తున్నాయి. ఒక టార్చిలైటు, ఒక ఫారం, మధ్యలో టీ నీళ్ళు ఉంటే చాలు, "పరిస్థితి సంతృప్తికరం" అని తమరు సంతకం పెట్టేయగలరు. గుమ్మంలోనే నిలబడి, రోగి చొక్కా మడతలు చూసి ఆరోగ్యం తేల్చే వైద్యుడికి కూడా ఇంత నిబ్బరం ఉండదు.

ఇటలీలోని జెనోవా నగరాన్ని తమరు మరచి ఉండరు. అక్కడ 1967లో ప్రారంభమైన మొరాండీ వంతెన బరువును మోసే ఉక్కు తీగలకు తుప్పు పట్టకూడదని కాంక్రీటు తొడుగు వేశారు. ఆ తొడుగే తమరి కంటికి తెర అయింది. సముద్రపు గాలి, ఫ్యాక్టరీల పొగ కాంక్రీటును తినేస్తున్నాయని దానిని రూపొందించిన రికార్డో మొరాండీయే 1979లో హెచ్చరించారు. 1990ల మొదట్లో ఒక స్తంభపు తీగలకు బయటినుంచి కొత్త ఉక్కు తీగలను దన్నుగా బిగించారు గానీ, తొమ్మిదో స్తంభానికి ఆ భాగ్యం దక్కలేదు. 2018 ఆగస్టు 14న కూలింది అదే. 43 మంది పోయారు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1971 నాటి కరోలా వంతెన మరీ మర్యాదస్థురాలు. 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున, ట్రామ్ దాటిపోయిన కొద్ది నిమిషాలకు, ఎవరి ప్రాణమూ తీయకుండా దానిలో ఒక భాగం ఎల్బే నదిలోకి ఒరిగింది. లోపలి ఉక్కు తీగలు ఏళ్ళ తరబడి చిట్లుతూ వచ్చాయి. పైకి మాత్రం ఆ చిట్లడం కనిపించలేదు. పాపం, తమరు మాత్రం ఏం చేస్తారు?

తమరు అసలే వద్దని కాదు, తమరితోనే సరిపెట్టవద్దని మనవి. కాంక్రీటులో చిన్న ముక్క కోసి ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే, ఇనుమును తుప్పు నుంచి కాపాడే క్షారం మిగిలినంత మేర గులాబీ రంగు తేలుతుంది. రంగు తేలని చోట ఇనుముకు రక్షణ పోయినట్టే. రంగులంటే తమరికెలాగూ మక్కువ కదా, మంత్రిగారు వస్తున్నారంటే రెయిలింగులకు వేయిస్తుంటారు. డ్రెస్డెన్‌లో మిగిలిన భాగాలకు శబ్దాన్ని పసిగట్టే సెన్సార్లు బిగించారు. తీగ తెగిన సంకేతం అందినప్పుడు కూల్చివేత పనులు ఆపి మనుషులను తప్పించారు. వాటికి టీ ఖర్చు కూడా ఉండదు.

వచ్చే తనిఖీకి వాటిని కూడా వెంటబెట్టుకు రండి. ఫారంలో "సంతృప్తికరం" అన్న గడిని అవి నింపాక, సంతకం తమరే పెట్టుకోవచ్చు.

ఇట్లు,
వంతెన దాటక తప్పని ఒక పౌరుడు