సర్వర్ ఫర్మ్‌వేర్ జోలికి పోవద్దంటున్న సందేశంలో తప్పులు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల అకౌంటెంట్లు మొదలుకొని కడప మందుల హోల్‌సేల్ వ్యాపారుల దాకా, కొంతకాలంగా ఒక వాట్సాప్ సందేశాన్ని ఒకరికొకరు పంపించుకుంటున్నారు. ఫర్మ్‌వేర్ అంటే సర్వర్‌లోని మదర్‌బోర్డు, డిస్కుల వంటి భాగాల్లోనే ఉండి వాటిని నడిపే ప్రోగ్రాము. సందేశం సారం ఇది: "నడుస్తున్న సర్వర్ తేనెతుట్టె లాంటిది, కదిలించకూడదు. ఇంటర్నెట్‌కు కలపని సర్వర్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అక్కరలేదు. విండోస్ అప్‌డేట్ చేసుకుంటే చాలు. ఫర్మ్‌వేర్ మారిస్తే వారంటీ పోతుంది. 2018లో ఇంటెల్ అప్‌డేట్ వేసుకున్నవాళ్ల గతి ఏమైందో తెలుసు కదా. మధ్యలో కరెంటు పోయిందంటే యంత్రం మూలకు చేరినట్టే." వీటిలో ఇంటెల్ సంగతి నిజం, కరెంటు సంగతిలో కొంత నిజముంది, తక్కినవి నిలిచే మాటలు కావు.

మొదటి మాటనే తీసుకుందాం. కదిలించకపోతే సర్వర్ ఎలా ఉన్నది అలాగే ఉంటుందన్న నమ్మకం మీద ఈ వాదన నిలబడింది. అయితే ఫర్మ్‌వేర్‌లో పుట్టుకతో వచ్చిన లోపం మనం ముట్టుకోనంత మాత్రాన నిద్రపోదు. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ సంస్థ తన సర్వర్లలో వాడిన కొన్ని రకాల ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీల (సర్వర్లలో వాడే ఒక రకం చిప్ డిస్కుల) గురించి ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఆ డిస్కులు మొత్తం 32,768 గంటలు పనిచేసిన తర్వాత, అంటే ఆపకుండా నడిస్తే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు, పూర్తిగా ఆగిపోతాయనీ, అటుపై డిస్కూ దక్కదు, అందులోని డేటా కూడా దక్కదనీ, దీనికి కొత్త ఫర్మ్‌వేర్ వేయడమే మార్గమనీ అందులో స్పష్టంగా ఉంది. 2020 మార్చిలో మరికొన్ని డిస్కుల విషయంలో 40,000 గంటల గడువుతో ఇలాంటిదే ఇంకో హెచ్చరిక వచ్చింది.

ఇక్కడ వ్యాపారి గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఒక డిస్కు పోయినా రెండోది కాపాడుతుందన్న ధైర్యంతోనే మనం రెయిడ్ (ఒకే డేటాను కొన్ని డిస్కుల మీద కలిపి ఉంచే పద్ధతి) పెట్టించుకుంటాము. కానీ ఒకే రోజున కొని, ఒకే రోజున బిగించిన డిస్కులు ఒకే గంట లెక్క మీద నడుస్తాయి కనుక, ఈ లోపం ఉన్నచోట అవన్నీ దాదాపు ఒకేసారి పోయే ప్రమాదముందని ఆ హెచ్చరికే చెప్పింది. రాత్రి అంగడి కట్టేసేటప్పుడు సర్వర్‌ను కూడా ఆపే అలవాటున్న చోట ఆ గడువు ఆలస్యంగా వస్తుంది తప్ప తప్పిపోదు. రోజుకు 12 గంటలు నడిపే సర్వర్‌లో అది దాదాపు ఏడున్నర సంవత్సరాలకు వస్తుంది. అప్పటికి ఆ సర్వర్ అమర్చిన మనిషి వేరే ఊరికి వెళ్లిపోయి ఉంటాడు, కొన్న బిల్లు దొరకదు. ఈ డిస్కులున్న సర్వర్‌ను ముట్టుకోకుండా వదిలేయడమంటే గడువు దాకా మోసుకుపోవడమే.

ఇంటర్నెట్‌కు కలపలేదు కాబట్టి భయం లేదన్న రెండో మాట, మన ఊళ్లలోని అంగళ్లలో వైరింగ్ ఎలా ఉంటుందో చూసినవారెవరూ అనలేరు. ఒకే స్విచ్‌కు ఫైబర్ రూటర్, సీసీ కెమెరాల రికార్డర్, బిల్లింగ్ కంప్యూటర్లు, సర్వర్ అన్నీ కలిసి ఉంటాయి. ఈ-వే బిల్లు తీసేందుకు రోజంతా ఇంటర్నెట్‌లో ఉండే కంప్యూటరే, అదే తీగ మీదుగా సర్వర్‌లోని టాలీ అనే లెక్కల ప్రోగ్రామును తెరుస్తుంది. దొంగ ప్రోగ్రాము ఆ కంప్యూటర్‌లోకి వస్తే సర్వర్ గడప దాకా వచ్చినట్టే.

పైగా సర్వర్ మదర్‌బోర్డు మీద బీఎంసీ అనే మరో చిన్న కంప్యూటర్ ఉంటుంది. హెచ్‌పీఈ దాన్ని ఐలో అంటుంది, డెల్ ఐడ్రాక్ అంటుంది. విండోస్ ఆపేసినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు అది మేలుకొనే ఉంటుంది; దూరం నుంచి సర్వర్‌ను ఆన్ చేయడం, ఆపడం, కొత్త సిస్టమ్ ఎక్కించడం కూడా దాని ద్వారా సాధ్యమే. హెచ్‌పీఈ వారి ఎనిమిదో, తొమ్మిదో తరం ప్రోలయంట్ సర్వర్లలో ఉండే ఐలో 4లో 2017లో బయటపడిన లోపం ఎంత చిత్రమైనదంటే, వెబ్ అభ్యర్థనలోని ఒక శీర్షికలో ఇంగ్లిషు 'ఏ' అక్షరాన్ని వరుసగా 29 సార్లు పంపితే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే కొత్త అడ్మిన్ ఖాతా సృష్టించుకోవచ్చు. 2.53 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. ఆ తరం సర్వర్లే ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో మనవాళ్లు ఎక్కువగా కొంటున్నారు; విండోస్‌లోని యాంటీవైరస్‌కు ఈ బీఎంసీలో ఏం జరుగుతోందో కనిపించనే కనిపించదు.

విండోస్ అప్‌డేట్ చాలునన్నది ల్యాప్‌టాప్ అనుభవం నుంచి వచ్చిన పొరపాటు. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆ దారిలోనే బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్) కూడా వస్తుంది. సర్వర్‌లోని రెయిడ్ కంట్రోలర్, బీఎంసీ, డిస్కుల ఫర్మ్‌వేర్ మాత్రం తయారీదారు ఇచ్చే ప్యాకేజీల ద్వారా వేసుకోవలసినవే. ప్రాసెసర్ లోపల నడిచే మైక్రోకోడ్ అనే చిన్న ప్రోగ్రామును విండోస్ ఎక్కించగలదు గానీ, అది మెషీన్ ఆన్ అయిన ప్రతిసారీ మళ్లీ ఎక్కవలసిందే. మెషీన్ మొదలయ్యేటప్పుడు నకిలీ ప్రోగ్రాము నడవకుండా చూసే సెక్యూర్ బూట్ కోసం 2011లో ఇచ్చిన సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి గడువు తీరుతుందన్న విషయంలో కూడా, కొన్ని పాత యంత్రాలకు తయారీదారు ఫర్మ్‌వేర్ వేసిన తర్వాతనే కొత్తవి సవ్యంగా ఎక్కుతాయి.

వారంటీ పోతుందన్నది తలకిందుల మాట. తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్‌ను వారు చెప్పిన పద్ధతిలో వేసుకుంటే వారంటీకి ఏ ఢోకా లేదు. పైగా సమస్య వచ్చి ఫోన్ చేస్తే ముందుగా అడిగేదే ఏ వెర్షన్ నడుస్తోందని. అసలు చిక్కు మరోచోట ఉంది. 2014 ఫిబ్రవరి నుంచి ప్రోలయంట్ సర్వర్ల బయాస్ వంటివి దించుకోవడానికి వారంటీ గానీ సపోర్ట్ ఒప్పందం గానీ ఉండాలన్న నిబంధన వచ్చింది. హైదరాబాదు, బెంగళూరుల నుంచి పాత సర్వర్ తెప్పించుకునేవారు ధర ఒక్కటే బేరమాడకుండా, ఫర్మ్‌వేర్‌ను తాజా వెర్షన్లకు తెచ్చి పంపమని ముందే షరతు పెట్టుకోవడం మంచిది.

ఇంటెల్ సంగతి నిజమేనని ముందే ఒప్పుకున్నాను. ప్రాసెసర్లలో బయటపడిన స్పెక్టర్ అనే భద్రతా లోపానికి విరుగుడుగా ఇచ్చిన మైక్రోకోడ్ వల్ల చాలా సర్వర్లు వాటంతటవే రీబూట్ కావడంతో, 2018 జనవరి 22న ఇంటెల్ సంస్థే దాన్ని వేయడం ఆపమని ప్రకటించింది. దాన్నిబట్టి విడుదలైన రోజునే ఎగబడకూడదని తేలుతుంది, ఎప్పటికీ వేయకూడదని తేలదు. కొన్ని వారాలు ఆగి, విడుదల పత్రం చదివి, ప్రస్తుత వెర్షన్ నుంచి నేరుగా వెళ్లవచ్చా లేక నడుమ ఇంకో వెర్షన్ మీదుగా వెళ్లాలా అన్నది చూసుకుని వేయాలి. డేటా పోతుందని తయారీదారే హెచ్చరించిన డిస్కు ఫర్మ్‌వేర్‌కు మాత్రం ఈ ఆగడం వర్తించదు.

ఇక కరెంటు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలి లేచిందంటే లైన్ పోయే సీమలో ఈ భయాన్ని కొట్టిపారేయలేము. కానీ సర్వర్ తయారుచేసినవారు దీన్ని ఆలోచించకుండా లేరు. ప్రోలయంట్‌లో బయాస్‌కు రెండో ప్రతి ఉంటుంది. డెల్‌లో పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే వీలుంటుంది. రెయిడ్ కంట్రోలర్‌కూ డిస్కులకూ అంత భరోసా లేదు కనుకనే బ్యాకప్ ముందు. బ్యాకప్ ఉందనుకోవడం చాలదు; ఆ టాలీ డేటాను వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి డేబుక్ కనిపిస్తోందో లేదో చూడాలి. యూపీఎస్ మీద పచ్చదీపం వెలగడాన్ని నమ్మకూడదు. టాలీ మూసి, సర్వర్‌ను సవ్యంగా ఆపి, అంతే లోడు ఉన్న మరో వస్తువును యూపీఎస్‌కు తగిలించి మెయిన్ ఆపితే, బ్యాటరీ అరగంట నిలుస్తుందా, మూడు నిమిషాలకే చేతులెత్తేస్తుందా అన్నది తేలిపోతుంది.

నిజానికి మధ్యలో చెడిపోయే అప్‌డేట్లలో కరెంటు కన్నా తొందరపాటుకే పెద్ద వాటా ఉంటుందని నా అభిప్రాయం. బయాస్ రాస్తున్నప్పుడు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తుతాయి, తెర నల్లబడుతుంది, మళ్లీ మొదలైనప్పుడు మెమరీని సరిచూసుకుంటూ సర్వర్ చాలా నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. ఇది హ్యాంగయిందనుకుని పవర్ బటన్‌ను నొక్కిపట్టుకున్నవారికి ఆ రెండో ప్రతి అవసరమవుతుంది. ఐలో లేదా ఐడ్రాక్ పేజీని పక్కనున్న ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంచుకుంటే, తెర నల్లగా ఉన్నా లోపల పని ఎక్కడిదాకా వచ్చిందో లాగ్‌లో తెలుస్తూనే ఉంటుంది.

కొన్ని రోజుల్లో మాత్రం సర్వర్ జోలికి పోవద్దన్న మాటతో నాకు పేచీ లేదు. దసరా, ధన్‌తేరస్, అక్షయ తృతీయ వారాల్లో బంగారు అంగడి సర్వర్‌ను ఎవరూ ముట్టుకోరాదు. జీఎస్టీ రిటర్నులైన జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు కనుక, నెలనెలా రిటర్నులు వేసేవారు 20 దాటిన తర్వాత ఒక రాత్రిని ఎంచుకుని, మరుసటి ఉదయం బేరాలు మొదలయ్యేలోగా ఒక బిల్లు కొట్టి చూసుకునేంత వ్యవధి ఉంచుకుంటే సరిపోతుంది.