సవరణ: బ్రిటానిక్‌ను ముంచింది టార్పెడో కాదు

మునిగిపోయిన మహానౌకల గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, టైటానిక్‌కు చెల్లెలి వరసైన బ్రిటానిక్ జర్మన్ టార్పెడో తగిలి వందలాది క్షతగాత్రులతో సహా మునిగిపోయిందని రాశాను. ఆ ఒక్క వాక్యంలోనే రెండు తప్పులు దొర్లాయి.

1916 నవంబరు 21 ఉదయం గ్రీసు దేశపు కియా దీవి దగ్గర ఆ ఓడను దెబ్బతీసింది, యు-73 అనే జలాంతర్గామి అంతకు కొన్ని వారాల ముందే అక్కడి నీళ్లలో అమర్చి వెళ్లిన మైన్, అంటే ఓడ తగిలితే పేలే బాంబు. టార్పెడోను చూశామని ఆనాడే కొందరు చెప్పడం వల్ల ఈ పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. నేనూ సరిచూసుకోకుండా రాసేశాను.

ఇక క్షతగాత్రుల మాట. ఆస్పత్రి నౌకగా మారిన బ్రిటానిక్ అప్పటికి వారిని ఎక్కించుకోవడానికి లెమ్నోస్ దీవిలోని ముద్రోస్ రేవుకు వెళుతోంది కాబట్టి, అందులో ఉన్నది సిబ్బంది, వైద్యులు, నర్సులు మాత్రమే. వెయ్యి మందికి పైగా ఉన్నవారిలో చనిపోయినవారు 30 మంది. ఓడను కియా ఒడ్డుకు చేర్చాలని కెప్టెన్ బార్ట్‌లెట్ ఇంజన్లు నడుపుతుండగా, ఆజ్ఞ లేకుండానే దించిన రెండు పడవలు తిరుగుతున్న ప్రొపెల్లర్ వైపు లాక్కుపోయి ముక్కలయ్యాయి. మృతుల్లో ఎక్కువమంది ఆ పడవల్లోని వారే.

టైటానిక్ మునగడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టగా, ఆ ప్రమాదం తర్వాత మరింత పటిష్ఠం చేసిన బ్రిటానిక్ 55 నిమిషాల్లోనే మునిగింది. వార్డులకు గాలి ఆడటం కోసం తెరిచి ఉంచిన గుండ్రటి కిటికీల గుండా నీరు లోపలికి రావడం ఇందుకు ఒక ముఖ్య కారణం.